మంచినీటి వాల్వు మురుగులో ఎందుకు మొరాయిస్తుంది?

ప్రశ్న: మా పురపాలక మురుగునీటి శుద్ధి కేంద్రం మొదలై రెండేళ్లే అయింది. పంపుల దగ్గర, స్లడ్జ్ (శుద్ధిలో మిగిలే బురద) లైన్ల మీద ఉన్న గేట్ వాల్వుల్లో సగం పూర్తిగా మూసుకోవట్లేదు. చక్రానికి ఇనపపైపు తగిలించి ఇద్దరు తిప్పినా లాభం లేదు. సప్లయర్‌ని అడిగితే మంచి క్వాలిటీవే ఇచ్చానంటున్నాడు. తప్పు ఎక్కడుంది సార్?

జవాబు: సప్లయర్ చెప్పింది నిజమే కావచ్చు. వాల్వు మంచిదే, కాకపోతే అది మంచినీళ్ల కోసం చేసిన వాల్వు. పాతరకం గేట్ వాల్వు ఒకటి విప్పించి లోపల చూడండి, గేటు దిగి కూర్చునే చోట అడుగున ఒక గాడి ఉంటుంది. మంచినీళ్లలో ఆ గాడి ఖాళీగానే ఉంటుంది గానీ మురుగులో ముందు ఇసుక చేరుతుంది, దానిమీద గుడ్డపీలికలు, వెంట్రుకలు, ప్లాస్టిక్ ముక్కలు, వీటన్నిటినీ కలిపి ముద్ద చేసే జిడ్డు. గేటు వచ్చి ఆ ముద్ద మీద ఆగిపోతుంది. మీవాళ్లు పైపు తగిలించి ఎంత బలం పెడితే స్పిండిల్ (చక్రం నుంచి గేటుదాకా దిగే కడ్డీ) అంత వంగుతుంది, గేటు మాత్రం దిగదు. దయచేసి ఆ పని ఈరోజే మాన్పించండి.

దానికి బదులు చుట్లు లెక్కపెట్టించండి. చాలా గేట్ వాల్వులకు, సైజు అంగుళాల్లో ఎంతో దాన్ని మూడుతో హెచ్చించి రెండో మూడో కలిపితే ఎన్ని చుట్లు తిరగాలో దాదాపుగా వస్తుంది. 12 అంగుళాల వాల్వుకి 38, 39 చుట్లన్నమాట. 30 దగ్గరే ఆగిపోయిందంటే కింద ఏదో అడ్డం ఉన్నట్టే. అప్పుడు మూడు నాలుగు చుట్లు వెనక్కి తిప్పి మళ్లీ మూయండి, లైన్లో ప్రవాహం ఉండగా ఇలా నాలుగైదుసార్లు చేస్తే ఆ సన్నటి సందులోంచి దూసుకుపోయే నీళ్లే చెత్తను తోసుకుపోతాయి. బాగున్న వాల్వు ఎన్ని చుట్లకు మూసుకుందో దాని పక్కనే పెయింట్‌తో రాయించండి. వాడకపోయినా అప్పుడప్పుడు ప్రతి వాల్వునూ పూర్తిగా మూసి తెరవాలి, లేకపోతే బిగుసుకుపోతుంది.

మార్చాల్సివస్తే మాత్రం అన్నిచోట్లా ఒకే రకం కొనకండి. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, టెండర్‌లో ‘వాల్వులు’ అని ఒక్క మాట రాసి, సైజూ ప్రెషరూ చెప్పి, తక్కువ రేటుకి వచ్చింది బిగించేస్తారు. పైగా అక్కడ వాన నీళ్లతో ఇసుక ఎక్కువ వస్తుంది, ముందుండే జాలీలు విరిగినా పట్టించుకునేవాళ్లుండరు, కరెంటు పోతే మురుగు పైపులోనే నిలబడి ఇసుకంతా అడుగుకి దిగుతుంది. చిక్కటి స్లడ్జ్‌కి నైఫ్ గేట్ వేయండి, పలుచటి స్టీలు పలక బురదను కోసుకుంటూ దిగుతుంది. పలక బయటికొచ్చే చోట, అంటే గ్లాండ్ దగ్గర, కారుతుంది, నిజమే, కానీ ఆ ప్యాకింగ్ మీ ఫిట్టరే మార్చుకోగలడు. చాలా నైఫ్ గేట్లు ఒకవైపు ఒత్తిడినే ఆపుతాయి కాబట్టి బాణం గుర్తు చూసి బిగించాలి. డబ్బుంటే ఎక్సెంట్రిక్ ప్లగ్ వాల్వు ఇంకా మేలు, పావు చుట్టు తిప్పితే చాలు, తెరిచినప్పుడు ప్లగ్ దారికి అడ్డం లేకుండా పక్కకి తప్పుకుంటుంది. బటర్‌ఫ్లై మాత్రం పచ్చి మురుగులో వద్దే వద్దు, మధ్యలో నిలబడ్డ డిస్కుకి పీలికలన్నీ చుట్టుకుంటాయి. అదే వాల్వు బ్లోయర్ (గాలి ఊదే యంత్రం) గాలి లైనుకి చక్కగా సరిపోతుంది, ఆ వేడికి తట్టుకునే రబ్బరు సీటు ఉంటే చాలు. రబ్బరు సంగతి కూడా ఆర్డర్‌లోనే రాయండి: నూనె, జిడ్డు ఎక్కువుండే మురుగులో ఈపీడీఎం రకం రబ్బరు ఉబ్బిపోతుంది, నైట్రైల్ రకం నిలుస్తుంది.

ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లనుంచి వచ్చే మురుగులో 56 శాతమే సురక్షితంగా శుద్ధి అయింది. ఎంతో కష్టపడి కట్టుకున్న ప్లాంటు ఒక రబ్బరు సీటు విదేశం నుంచి రావాలని నెలల తరబడి ఆగిపోతే కడుపు తరుక్కుపోతుంది. స్పేర్లు వాల్వులతో పాటే కొనండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడల్లా పంపుహౌస్‌లో సమ్మెటతో కొట్టినట్టు చప్పుడు వస్తోంది, ఒకటే టెన్షన్. అన్ని వాల్వులకూ మోటార్లు పెడితే తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. కరెంటు పోతే ఆ మోటార్లు కూడా ఆగిపోతాయి కదా. ఆ చప్పుడు నాన్ రిటర్న్ వాల్వుది (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే తలుపు) అయ్యుంటుంది. పంపు ఆగగానే లైన్లో నీళ్లు వెనక్కి తిరుగుతాయి, తలుపు ఆలస్యంగా మూసుకుంటే ఆ వేగమంతా దాని మీద పడుతుంది. ముందు దాన్ని విప్పి చూడండి, కీలు చుట్టూ పీలికలు చుట్టుకుని ఉంటే అదే కారణం కావచ్చు. చిన్న పంపులకు బాల్ రకం బాగుంటుంది, రబ్బరు తొడుగున్న బంతి పక్క జేబులోకి దొర్లుతుంది, చెత్త పట్టుకోవడానికి కీలే ఉండదు. ఎత్తు ఎక్కువున్న లైనుకి మాత్రం అది కూడా దెబ్బ వేస్తుంది, అక్కడ సర్జ్ (లైన్లో ఒక్కసారిగా పెరిగే ఒత్తిడి) లెక్క వేయించి, బయట లివరూ బరువూ ఉన్నది ఎంచుకోండి. లైను మీది ఎయిర్ వాల్వులు (పైపులో చేరిన గాలిని బయటికి వదిలేవి) మురుగుకి చేసినవేనా అని కూడా చూడండి, వాటి ఒళ్లు పొడవుగా ఉంటుంది, మురుగు పైభాగానికి అందదు. మోటార్లు నిజంగా అవసరమైన రెండు మూడు చోట్ల పెట్టుకోండి, చేతిచక్రం ఉన్నవే కొనండి. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ మోటార్లలోని రాగి కాంటాక్టులను తినేస్తుంది.

ప్రశ్న: మా వాల్వులు లోతైన ఛాంబర్లలో ఉన్నాయి. రోజూ ఒకరు దిగి తిప్పుతారు. వాసన లేకపోతే దిగొచ్చా?

జవాబు: వద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువైనది, అడుగునే ఉంటుంది. పది లక్షల భాగాల్లో 100 భాగాలు దాటితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, అంటే ప్రమాదం పెరిగినప్పుడే వాసన పోతుంది. రోజూ తిప్పే వాల్వులన్నిటికీ స్పిండిల్‌ని నేలపైదాకా పొడిగించండి, ఏ వర్క్‌షాపులోనైనా చేస్తారు, పైనుంచే వాల్వు తిప్పే పొడవాటి కీతో తిప్పొచ్చు. రిపేరుకి దిగక తప్పని రోజున ముందుగా గాలి ఆడించి, గ్యాస్ మీటరు దించి చూసి, ఒంటికి హార్నెస్ (భుజాలూ తొడలూ పట్టి ఉంచే బెల్టులు) వేసి దానికి తాడు కట్టి, పైన ఇద్దరు నిలబడ్డాకే దిగాలి. లోపలి మనిషి పడిపోతే పైవాళ్లు వెంటనే దూకకూడదు, తాడుతోనే పైకి లాగాలి. ఈ మాట మీ సిబ్బందికి ఒక్కొక్కరికీ విడిగా చెప్పండి.