మేనకోడలికి, గ్రోత్ కర్వ్ మొదలుపెట్టే ముందు

బిడ్డా,

మహాత్మా గాంధీ యూనివర్సిటీలో ప్రాజెక్టుకు ఈ.కోలై (E. coli) బ్యాక్టీరియా గ్రోత్ కర్వ్, అంటే అది సమయంతో పాటు ఎలా పెరుగుతుందో చూపే గీత, తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంబరపడ్డానో! ఆ వెంటనే టెన్షన్ మొదలైంది. ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరైన మేనమామ బుద్ధి ఎక్కడికి పోతుంది?

కల్చర్, అంటే బ్యాక్టీరియా పెరుగుతున్న ద్రవం, ఎంత మబ్బుగా ఉందో వెలుగుతో కొలిచే మిషన్‌ను (స్పెక్ట్రోఫోటోమీటర్) 600 నానోమీటర్ల వెలుగుకు పెట్టు. బ్యాక్టీరియా కలపని అదే బ్రాత్‌తో (వాటిని పెంచే పోషక ద్రవం) బ్లాంక్ చెయ్యి, అంటే రీడింగ్‌ను సున్నాకు తెచ్చుకో. రీడింగ్‌కు ముందు కల్చర్ బాగా కలుపు. శాంపిల్ పోసి మిషన్‌లో పెట్టే చిన్న గొట్టాన్ని, అదే క్యూవెట్‌ను, గరుకు వైపే పట్టుకో. మన నల్లగొండ బోరు నీళ్లతో మాత్రం కడగకు. ఆరినాక తెల్లమరకలు మిగులుతాయి, మిషన్ వాటినీ బ్యాక్టీరియా కిందే జమ కడుతుంది.

ఇక అసలు సంగతి. మా కాలేజీలో ఒక పిల్లగాడు అరగంటకోసారి రీడింగ్ తీసేవాడు. రీడింగ్ (ఓడీ, అంటే శాంపిల్ వెలుగును ఎంత అడ్డుకుందో చెప్పే అంకె) 1.5 దాటాక గీత పడుకుంది. "పెరుగుదల ఆగింది సార్, స్టేషనరీ ఫేజ్" అని రికార్డులో ఎక్కించేశాడు. బ్యాక్టీరియా హాయిగా పెరుగుతూనే ఉంది, మిషన్‌కే చూపు ఆనలేదు. 600 దగ్గర ఆ కణాలు వెలుగును పీల్చుకునేది చాలా తక్కువ, పొగమంచు బండి లైటును చెదరగొట్టినట్టు చెదరగొడతాయి. మరీ చిక్కబడితే, ఒకసారి చెదిరిన వెలుగు ఇంకో కణాన్ని తాకి మళ్లీ డిటెక్టర్ వైపే మళ్లుతుంది. అప్పుడు రీడింగ్ ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. అదే శాంపిల్‌ను బ్రాత్‌తో పదింతలు పలుచన చేయిస్తే 0.31 చూపించింది. అంటే 3.1! గట్టిగానే తిట్టాను. వాడి కళ్లల్లో నీళ్లు చూసి మనసాగక, చాయ్ తాగించి, కర్వ్ మొదటి నుంచి చేయించాను. వారం పని పోయింది పాపం.

అందుకే 0.4 దాటిందా, పలుచన చేసి గుణించు. బద్ధకిస్తే ఊరుకోను.

ఓడీ 1 అంటే మిల్లీలీటరుకు దాదాపు 80 కోట్ల కణాలని చెబుతారు. ఆ లెక్క మిషన్‌ను బట్టి మారుతుంది. పైగా చచ్చిన కణాలూ వెలుగును చెదరగొడతాయి. కాబట్టి పక్కనే ప్లేటింగ్ కూడా చెయ్యి, అంటే పలుచన చేసిన కల్చర్‌ను పోషకాల ప్లేట్ల మీద పరిచి, బతికున్న కణాల నుంచి పుట్టే కాలనీలను చూడు; 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లే లెక్కపెట్టు.

కర్వ్ పొద్దున్నే మొదలుపెట్టు తల్లీ. మధ్యాహ్నం మొదలుపెట్టి, రాత్రి దేవరకొండ బస్సు కోసం ఒక్కదానివే నిలబడతావేమోనని నా భయం. లేటైతే ఫోన్ చెయ్యి, నేనే బండి వేసుకొని వస్తాను. బస్సు పోతుందన్న తొందరలో మిగిలిన కల్చర్‌ను ఆటోక్లేవ్ చేయకుండా (వేడి ఆవిరితో బ్యాక్టీరియాను చంపకుండా) సింకులో పోసి మాత్రం రాకు.

మీ మామ