పాత దస్తావేజులో జిల్లా పేరు తప్పు పడలేదు

మీ తాతగారి 1952 దస్తావేజులో సత్యవేడు దగ్గరి ఊరు ‘చెంగల్పట్టు జిల్లా’ అని ఉండటం రాతగాడి పొరపాటు కాదు. అప్పటికి ఆ ప్రాంతం నిజంగానే మద్రాసు రాష్ట్రంలోని ఆ జిల్లాలో ఉండేది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తగవుకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫార్సుల మీద 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, బదులుగా సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది తిరుపతి జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లా పేరే రెండుసార్లు మారింది.

దస్తావేజు నకలు కావాల్సినప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే: ఇప్పటి జిల్లా పేరుతో వెతుకుతారు. దస్తావేజు తేదీ నాటి జిల్లాతో వెతకాలి.

1. ముందు తేదీ చూడండి. 1960 ఏప్రిల్‌కు ముందైతే చెంగల్పట్టు జిల్లా, తర్వాతైతే చిత్తూరు జిల్లా పేరుతో వెతకండి.
2. వెనకవైపు ముద్ర జాగ్రత్తగా చదవండి. రిజిస్ట్రారు ఆఫీసు పేరు, పుస్తకం నంబరు, దస్తావేజు నంబరు, సంవత్సరం, నాలుగూ రాసుకోండి. చెరిగిపోతే పగటి వెలుతురులో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.
3. ఆ వివరాలతో ముందు సత్యవేడు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. అక్కడ లేకపోతే ముద్రలో ఉన్న ఆఫీసుకే, అది తమిళనాడులో ఉన్నా సరే, నకలు కోసం దరఖాస్తు పెట్టండి.

పేరు దిద్దించాలని టెన్షన్ పడకండి, అసలు కాగితం మీద గీత కూడా గీయొద్దు.