మావయ్యగారి రిటైర్మెంట్ డబ్బుతో సర్వర్ల వ్యాపారమా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. మావారు ఎనిమిదేళ్లుగా ఒక హోస్టింగ్ సంస్థలో, అంటే ఇతరుల వెబ్‌సైట్లను తన కంప్యూటర్లలో (సర్వర్లలో) ఉంచి నడిపే సంస్థలో పనిచేస్తున్నారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, సొంతంగా వర్చువల్ సర్వర్లు (ఒకే సర్వర్‌ను సాఫ్ట్‌వేర్‌తో విభజించిన భాగాలు) అద్దెకిచ్చే చిన్న వ్యాపారం పెడతానంటున్నారు. పెట్టుబడికి మావయ్యగారి రిటైర్మెంట్ డబ్బు అడిగారు, నా నగలు కూడా తాకట్టు పెడదామంటున్నారు. వద్దన్నందుకు, తన మీద నాకు నమ్మకం లేదని అలిగి మాట్లాడటం మానేశారు. మాకు మూడేళ్ల పాప ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఎనిమిదేళ్లు ఆ పనిలోనే ఉన్న మనిషికి సర్వర్ల సంగతి తెలియదని మీరూ అనలేదు. మీ భయమంతా పెద్దవాళ్ల డబ్బు గురించి, పాప గురించి. అది ఆయనకు తన సామర్థ్యాన్ని తక్కువ చేసినట్టుగా వినపడింది కాబట్టి ముందు ఆ చిక్కు విప్పండి. “మీ పనితనం మీద నాకు అనుమానం లేదు, అత్తయ్యగారికీ మావయ్యగారికీ ఆధారమైన డబ్బు కదపడమే నాకు ఇష్టం లేదు” అని, గొడవ లేని సమయం చూసి, ఆ రెండు ముక్కలే చెప్పి ఊరుకోండి.

నిజానికి ఈ వ్యాపారం మొదలుపెట్టడానికి లక్షలు పోసి యంత్రాలు కొననక్కరలేదు. డేటా సెంటర్‌లో (సర్వర్లు ఉంచే భవనంలో) ఒక సర్వర్‌ను నెల అద్దెకు తీసుకుని, ప్రాక్స్‌మాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని చిన్న చిన్న వర్చువల్ సర్వర్లుగా విభజించి అమ్మవచ్చు. ఇంటర్నెట్‌లో ఒక్కో సర్వర్‌ను గుర్తించే నంబర్లైన ఐపీ అడ్రసుల్లో పాత రకం, ఐపీవీ4 అడ్రసుల నిల్వ ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో 2011లోనే అడుగంటింది కాబట్టి వాటికి విడిగా ఖర్చవుతుంది, కానీ అదీ నెలవారీ అద్దే. సొంత పొదుపు దాటకుండా ఒక్క సర్వర్‌తో మొదలుపెట్టగలిగిన పనికి మావయ్యగారి డబ్బు ఎందుకని మీరు అడగడంలో తప్పు లేదు.

ఇంటికి అసలు ప్రమాదం మరోచోట ఉంది, దాని మీద మీరిద్దరూ తప్పక మాట్లాడుకోవాలి. ఈ రంగంలో కస్టమర్లు తరచూ ఏడాది సొమ్ము ముందే కట్టేస్తారు. ఒకరు 6,000 రూపాయలు కట్టారనుకోండి. అందులో ఈ నెల సంపాదన 500 మాత్రమే, మిగిలిన 5,500 పదకొండు నెలల పాటు తీర్చవలసిన బాకీ. అలాంటివాళ్లు పదిమంది వస్తే ఖాతాలో 60,000 కనిపిస్తుంది, జీతం వచ్చినట్టే ఉంటుంది, అందులోంచి పాప స్కూలు ఫీజు కట్టేస్తారు. ఆ తర్వాత సర్వర్ అద్దె కట్టడానికి కొత్త కస్టమర్లను వెతుక్కోవాలి, వాళ్లు రావాలని ధర తగ్గించాలి, తగ్గించిన ధరకు అద్దె గిట్టదు. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా ఉండాలని, అందులోంచి ఏ నెల సంపాదన ఆ నెలే ఇంటికి రావాలని మొదటి రోజే ఒప్పందం చేసుకోండి. వీలైతే ఆ లెక్క మీరే చూడండి.

రెండోది, రాత్రుళ్లు. ఒక కస్టమర్ పాస్‌వర్డ్ బయటపడి అతని సర్వర్ నుంచి స్పామ్ వెళితే, ఆ ఐపీ అడ్రసుల వరుస మొత్తం బ్లాక్‌లిస్టులో (మెయిల్ సంస్థలు అడ్డుకునే అడ్రసుల జాబితాలో) పడవచ్చు, అప్పుడు ఏ తప్పూ చేయని మిగతావాళ్ల మెయిళ్లు కూడా ఆగిపోతాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ దాడుల వంటి ఘటనలను గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి, కస్టమర్ల పేర్లు, చిరునామాల వంటి వివరాలను వాళ్లు వెళ్లిపోయాక కూడా 5 ఏళ్లు భద్రపరచాలి. ఆ 6 గంటలు అర్ధరాత్రి మొదలైనా లెక్కే. 2009 జూన్‌లో బ్రిటన్‌కు చెందిన వీఏసర్వ్ అనే చవక హోస్టింగ్ సంస్థపై జరిగిన దాడిలో సుమారు లక్ష వెబ్‌సైట్లు చెరిగిపోయాయి. చాలామంది బ్యాకప్ లేని ప్లాన్ తీసుకున్నవాళ్లే. అందుకే బ్యాకప్‌లను వేరే చోట ఉంచే ఖర్చును తన లెక్కలో చేర్చారా అని, రాత్రి పూట తనకు బదులు చూసే రెండో మనిషి ఎవరని ఆయన్ని అడగండి. జ్వరం వచ్చినా, ఊరికి వెళ్లినా ఫోన్ ఆయనే ఎత్తాలంటే, ఆ భారం చివరికి మీ మీదా పాప మీదా పడుతుంది.

ఉద్యోగంలో ఉంటూనే అదే రంగంలో సొంత వ్యాపారం నడపడానికి ఆయన నియామక పత్రం అనుమతిస్తుందో లేదో చదివించండి, చాలా సంస్థలు ఒప్పుకోవు. అప్పుడు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే రాజీనామా చేయమనండి. విదేశీ సంస్థ నుంచి సర్వర్ అద్దెకు తీసుకుంటే రివర్స్ ఛార్జ్ కింద, అంటే అమ్మినవారికి బదులు కొన్నవారే పన్ను కట్టే పద్ధతిలో, జీఎస్టీ వర్తించవచ్చు, ఏడాది అమ్మకాల మీద ఉన్న 20 లక్షల పరిమితితో సంబంధం లేకుండా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం కావచ్చు కాబట్టి చార్టర్డ్ అకౌంటెంట్‌ను ముందే కలవడం మంచిది.

మావయ్యగారు కొడుకు అడిగాడని సరే అనేస్తారేమో, కానీ ఆయన అత్తయ్యగారితో మాట్లాడుకుని, పోయినా తమకు ఇబ్బంది లేదనుకున్నంత వరకే ఇవ్వాలి. ఆ మాట మీ కంటే మీవారే ఆయనకు చెప్పడం బాగుంటుంది. నగలు మీ స్త్రీధనం, వాటి మీద పూర్తి హక్కు మీదే. ఇప్పుడే కాదనకండి, అవుననకండి. పెట్టుబడి ఎంత, నెల అద్దె ఎంత, ఎంత నష్టం వస్తే ఆపేస్తారు అన్నవి కాగితం మీద రాసి చూపించమని అడిగి, అది చూశాకే మాట ఇవ్వండి.