సైబర్‌పంక్ సగంలో ఆపేశాను, ఫాంటమ్ లిబర్టీ కొనొచ్చా?

సైబర్‌పంక్ 2077 వీడియో గేమ్ సగం ఆడి వదిలేశానని, ఇప్పుడు దానికి అదనపు కథగా విడిగా అమ్మే ఎక్స్‌పాన్షన్ ఫాంటమ్ లిబర్టీ కొనాలా లేక ఆ డబ్బుతో ఇంకో గేమ్ తీసుకోవాలా అని అడిగారు. కొనండి, కానీ ఇవాళే వద్దు. ముందు ఆపేసిన ఆటను మళ్లీ తెరిచి కొన్నాళ్లు ఆడండి.

చాలామంది ఫాంటమ్ లిబర్టీ వచ్చాక గేమ్ బాగుపడిందట అని విని కొంటున్నారు. బాగుపడిన మాట నిజమే. 2020 డిసెంబరులో విడుదలైనప్పుడు బగ్గుల గోల ఎంతుందంటే, ప్లేస్టేషన్ స్టోర్‌లోంచి కొన్ని నెలలపాటు తీసేశారు. కానీ ఆ రిపేరంతా ఉచితంగా ఇచ్చిన అప్‌డేట్లలోనే జరిగింది. 2023 సెప్టెంబరు 21న వచ్చిన 2.0 అప్‌డేట్‌తో పెర్క్‌ల (హీరోకు కొత్త నైపుణ్యాలు ఎంచుకునే) పద్ధతి మొత్తం మారింది, పోలీసులు వెంటపడే తీరు మారింది, కారు నడుపుతూ కాల్చడం వచ్చింది. దీనికి పైసా కట్టక్కర్లేదు. ఫాంటమ్ లిబర్టీ అదే నెల 26న వచ్చింది. దానికి కట్టే డబ్బు ముఖ్యంగా కొత్త కథకు, డాగ్‌టౌన్ అనే కొత్త పేటకు. కాబట్టి ఉచితంగా వచ్చింది ముందు ఆడి చూడండి. అది నచ్చకపోతే ఇదీ నచ్చదు, డబ్బులు మిగులుతాయి.

ఇక నా సంగతి. మాది గాజువాక, స్టీల్ ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ. బి షిఫ్ట్ దిగి, స్నానం చేసి, అన్నం తినేసరికి పదకొండు దాటుతుంది. ఆ టైములో అరగంట దొరికితే కార్లు కొట్టేయడానికో, నలుగురిని కాల్చడానికో సరిపోతుంది గానీ ఈ కథకు సరిపోదు. ఇందులో మిషన్లు పొడుగు. మనుషులు కూర్చుని మాట్లాడుకుంటారు, ఒక్క మాట తప్పిపోయినా తర్వాత ఎవడు ఎవడిని మోసం చేస్తున్నాడో అర్థం కాదు. అందుకే వీక్లీ ఆఫ్ ముందు రాత్రికి దాచుకుని, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఆడేవాణ్ని. సీన్ నడుస్తుండగా సేవ్ కూడా చేయనివ్వదు. ఈదురుగాలులకు కరెంటు పోయే వీధిలో ఉంటే యూపీఎస్ చూసుకోండి.

కథ ఎలా మొదలవుతుందో చెప్తాను, అంతకు మించి చెప్పను. అమెరికా అధ్యక్షురాలు మైయర్స్ విమానం డాగ్‌టౌన్‌లో కూలిపోతుంది. ఆమెను బతికిస్తే నీ ప్రాణం తీస్తున్న తలలోని చిప్‌కు మందు చూపిస్తానని సాంగ్‌బర్డ్ అనే అమ్మాయి మనం ఆడే హీరో ‘వీ’కి మాటిస్తుంది. కొంత దూరం వెళ్లాక, పాడుబడ్డ ఫ్లాట్‌లో దాక్కున్న ఆ అధ్యక్షురాలు మనల్ని దేశం పేరు మీద ప్రమాణం చేయమంటుంది. చేయొచ్చు, మానేయొచ్చు. పక్కన జానీ సిల్వర్‌హ్యాండ్ ఒకటే వెటకారం. ఎప్పుడో చచ్చిపోయి, ఆ చిప్‌లో మిగిలి వీకి మాత్రమే కనిపించే రాక్ సింగర్ అతను. వాడు ఒకప్పుడు అదే దేశం కోసం యుద్ధానికి వెళ్లి, విరక్తి పుట్టి పారిపోయినవాడు. ఒక పాత పబ్లిక్ ఫోన్ నుంచి కబురు పంపితే, ఏళ్ల తరబడి అజ్ఞాతంలో ఉన్న గూఢచారి రీడ్ బయటికొస్తాడు. ఆ పాత్ర ఇడ్రిస్ ఎల్బాది. మనిషి గొంతు పెంచడు, కానీ ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే నమ్మబుద్ధవుతుంది. చిక్కంతా అక్కడే. సాంగ్‌బర్డ్ మాట విన్నా అలాగే నమ్మబుద్ధవుతుంది. ఇద్దరూ మన దగ్గర ఏదో దాస్తున్నారని తెలుస్తూనే ఉంటుంది.

ఒక మిషన్ చివర ఎవరో ఒకరి వైపు నిలబడాలి. అక్కడి నుంచి మిషన్లే వేరైపోతాయి. ఒక దారిలో తుపాకులు పక్కన పడేసి చీకట్లో నక్కి నక్కి ప్రాణం కాపాడుకోవాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా ఆడితే నిజంగానే టెన్షన్ పుడుతుంది. నేను డబ్బు పెట్టింది ఈ ఒక్క మలుపు కోసమే అనుకున్నా నాకు గిట్టుబాటే. పైగా అసలు గేమ్‌కు మరో కొత్త ముగింపు కూడా దీనితో వస్తుంది.

మెయిన్ మెనూలో కథను దాటేసి నేరుగా ఫాంటమ్ లిబర్టీ మొదలుపెట్టే ఆప్షన్ కనిపిస్తుంది. మొదటిసారి దాన్ని ముట్టుకోకండి. మధురవాడలో ఇంజనీరింగ్ చదివే మా బావమరిది అలాగే మొదలెట్టి, రెండో రోజు ఫోన్ చేశాడు: "ఏటి బావా, ఈ గెడ్డపోడు ఊరికే మధ్యలో దూరి తిడతన్నాడు, ఎవడీడు?" జానీ ఎవడో తెలియనివాడికి ఆ ప్రమాణం సీన్లో ఏం కనిపిస్తుంది? మామూలుగా ఆడుతుంటే పసిఫికా అనే పేటలో వూడూ బాయ్స్ అనే హ్యాకర్ల ముఠా కథ అయ్యాక సాంగ్‌బర్డ్ దానంతటదే ఫోన్ చేస్తుంది. అయినా వెంటనే పరిగెత్తక్కర్లేదు. వీ స్నేహితురాళ్లు జూడీ, పానమ్‌ల మిషన్లు ముందు ఆడేయండి, వీ మీద మమకారం పుట్టేది వాటిలోనే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆకాశం నుంచి పడే పెట్టెలు దక్కించుకోవడం, కార్లు ఎత్తుకొచ్చి ఇవ్వడం లాంటి పనులు కొద్దిసేపటికే విసుగు. మిస్టర్ హ్యాండ్స్ ఇచ్చే చిన్న పనులు మాత్రం వదలొద్దు, కొన్నింటి కథలు అసలు గేమ్‌లోని వాటికన్నా మేలు. ముఖ్య కథ దాదాపు 15 గంటలు, పక్క పనులతో కలిపితే అంతకు రెట్టింపు దాకా పోతుంది.

కొనేముందు మీ మెషిన్ చూసుకోండి. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ మీద ఇది రాదు. పీసీ అయితే కనీసం 6 జీబీ జీటీఎక్స్ 1060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 12 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అడుగుతున్నారు. పాత హార్డ్ డిస్క్ మీద ఆడదామనుకుంటే ముందు ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. గేమ్ ఏ స్టోర్‌లో కొన్నారో ఇదీ అక్కడే కొనాలి, స్టీమ్ గేమ్‌కు ఎపిక్‌లో కొన్న ఎక్స్‌పాన్షన్ అతకదు. విడుదలప్పుడు అమెరికాలో దీని ధర 30 డాలర్లు, అంటే అసలు గేమ్ విడుదల ధరలో సగం. ఆ పూర్తి ధర పెట్టాల్సిన తొందరేమీ లేదు, స్టీమ్ వేసవి సేల్, శీతాకాలం సేల్ వస్తూనే ఉంటాయి. మీరు పాత కథ పసిఫికా దాకా లాక్కొచ్చేలోపు ఏదో ఒకటి తగులుతుంది.