అరికాలి మచ్చను కాల్చేశారు, ముక్క పరీక్షకు పంపలేదు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాన్నగారు కొబ్బరి తోటల్లో పని చేస్తారు. ఆయన అరికాలిలో నల్లమచ్చ పెరుగుతుంటే నిరుడు పట్టణంలోని ఒక స్కిన్ క్లినిక్‌కు తీసుకువెళ్లాం. పులిపిరి అని చెప్పి కరెంటు మిషనుతో కాల్చారు. ఆరు వేలు ఫోను ద్వారా చెల్లించాం. పుండు మానలేదు. ఏడు నెలల తరువాత కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ముక్క పరీక్ష చేస్తే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. క్లినిక్‌లో అడిగితే "సంతకం పెట్టారు కదా" అంటున్నారు. బోర్డు మీద డాక్టరు పేరు పక్కన బీహెచ్‌ఎంఎస్ అని ఉంది. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ముందు వైద్యం ఆపకండి. కేసుకు గడువు ఉంది, ఈ జబ్బు మాత్రం ఆగదు.

ఇక సంతకం సంగతి. ఆ కాగితం చూపించగానే చాలామంది బెదిరి ఇంటికి వెళ్లిపోతారు. జబ్బు ఏమిటి, చేయబోయేది ఏమిటి, వేరే మార్గం ఏమైనా ఉందా అన్నవి రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్నదే సమ్మతి అని సమీరా కోహ్లీ కేసులో (2008) సుప్రీంకోర్టు చెప్పింది. పులిపిరి అని చెప్పి తీసుకున్న సంతకం వారి నిర్లక్ష్యానికి మాఫీ పత్రం కాదు.

అయితే మీ కోపాన్ని కొంచెం పక్కన పెట్టి ఒక మాట వినండి. క్యాన్సర్ రావడానికి ఆ క్లినిక్ కారణం కాదు. వాళ్ల వకీలు మొదటి వాయిదాలోనే ఆ మాట అంటారు, అది నిజం కూడా. మీ కేసు వేరే చోట ఉంది. అరికాలిలో పెరుగుతున్న నల్లమచ్చ కనిపిస్తే జాగ్రత్త తెలిసిన వైద్యుడు ముక్క తీసి ల్యాబుకు పంపుతాడు. కాల్చేస్తే పరీక్షించడానికి సరైన ముక్క మిగలదు. పరీక్ష లేకుండా ఎందుకు కాల్చారు, దానివల్ల చికిత్స ఎన్ని నెలలు వెనక్కి పోయింది, ఆ ఆలస్యంతో జబ్బు ఎంత ముదిరింది అన్నవే ఫిర్యాదుకు వెన్నెముక. చివరిదాన్ని చెప్పగలిగేది ఇప్పుడు చూస్తున్న డాక్టరే. క్లినిక్‌లో కాల్చిన సంగతి, తేదీతో సహా, కేస్ షీటులో రాయమని ఆయనను అడగండి. గొడవ మొదలవక ముందు ఆసుపత్రి కాగితంలోకి ఎక్కిన మాటకు, ఫిర్యాదు విచారించే వినియోగదారుల కమిషన్ దగ్గర విలువ ఎక్కువ.

మన వైపు పులిపిరికి సున్నం, చాకలి సోడా పెట్టి కాల్చుకోవడం మామూలే కాబట్టి మీకు అనుమానం రాకపోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ "మానని పుండుతో ఏడు నెలలు ఎందుకు ఊరుకున్నారు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆ మధ్యలో కట్టు కట్టించుకోవడానికి మళ్లీ అదే క్లినిక్‌కు వెళ్లి ఉంటే ఆ చీటీలు, చెల్లింపులు, ఫోనులోని ఫోటోలు వెతికి పెట్టండి. నాటుమందు ఏదైనా రాసి ఉంటే దాచకుండా మీ వకీలుకు చెప్పండి.

బీహెచ్‌ఎంఎస్ అంటే హోమియో డిగ్రీ. క్లినిక్ చీటీలో యాంటీబయాటిక్ మాత్రలో, అల్లోపతి ఇంజెక్షనో రాసి ఉంటే మీ కేసు బలం పెరుగుతుంది. హోమియో డాక్టరు అల్లోపతి మందులు ఇవ్వడమే నిర్లక్ష్యమని, వేరే రుజువు అక్కర్లేదని పూనమ్ వర్మ కేసులో (1996) సుప్రీంకోర్టు తేల్చింది. ఆ క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ ఉందా, ఏ డాక్టరు పేరు మీద ఉంది అని జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉంది. చికిత్స రికార్డులు ఇమ్మని క్లినిక్‌కూ రిజిస్టరు పోస్టులో రాయండి. అల్లోపతి వైద్యులైతే అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన ఉంది. వీళ్లు ఇవ్వకపోతే ఆ మౌనం కూడా మీకే పనికొస్తుంది.

పోలీసు కేసుతో మొదలుపెట్టమని నేను చెప్పను. జేకబ్ మాథ్యూ తీర్పు (2005) ప్రకారం వైద్యుడి మీద క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రంగా ఉండాలి. మీ దారి జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసిన వైద్యం దాని పరిధిలోకి వస్తుందని 1995లోనే తేలిపోయింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని కిషన్ రావు కేసులో (2010) సుప్రీంకోర్టు చెప్పింది. అది హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసే. అయినా మీ విషయంలో క్యాన్సర్ వైద్యుడి రాతపూర్వక అభిప్రాయం తీసుకోవడమే మేలు.

ఒక సంగతి మొహమాటపడకుండా చెప్పాలి. ఫిర్యాదు నాన్నగారి పేరు మీదే వేయండి, ఆయన ఓపికగా ఉన్నప్పుడే ఆ రోజు క్లినిక్‌లో జరిగినదంతా అఫిడవిట్‌గా రాయించండి. లోపలికి వెళ్లింది, డాక్టరు మాట విన్నది ఆయన. మీరు బయట బల్ల మీద కూర్చున్నవారైతే మీ మాట ఆయన మాటకు సాటి రాదు.

గడువు 2 ఏళ్లు. జబ్బు బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించే వీలుంది, అలాంటి తీర్పులూ ఉన్నాయి. మీరు మాత్రం కాల్చిన తేదీ నుంచే లెక్కపెట్టుకుని, ఆ లోపే ఫిర్యాదు దాఖలు చేయండి.