క్వార్టర్‌బ్యాక్ కాంట్రాక్టు లెక్కలు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,
మామయ్య ఆశీస్సులు.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో శాలరీ క్యాప్ (ఒక జట్టు ఏడాదికి ఆటగాళ్ల మీద పెట్టగలిగే ఖర్చుకు లీగ్ విధించే పరిమితి) చూసే విభాగంలో నీకు ఉద్యోగం వచ్చిందని, చేరగానే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు) కాంట్రాక్టుకు నమూనాలు వేయమన్నారని మీ అమ్మ చెప్పింది. ఆ లెక్కల మధ్యే తల నెరిసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినది రాస్తున్నాను. ఇంట్లో వాళ్లు ఇదంతా ఐపీఎల్ పర్సు లాంటిదే కదా అంటారు. ఔనని తప్పించుకోకు. అక్కడ ఆటగాడి ధర ఏ సీజన్‌కు ఆ సీజన్ పర్సులోంచి పోతుంది. ఇక్కడ ఈ రోజు చెల్లించిన డబ్బు నాలుగేళ్ల తర్వాత కూడా క్యాప్ లెక్కలో కనిపిస్తూనే ఉంటుంది. నీ పనంతా ఆ తేడాలోనే ఉంది.

ముందు పత్రికల్లో వచ్చే మొత్తాన్ని మరిచిపో. 2020 జూలైలో తన క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌కు కాన్సస్ సిటీ క్లబ్బు పదేళ్లకు 45 కోట్ల డాలర్లు ఇచ్చిందని అందరూ నోరెళ్లబెట్టారు. కాగితం తిప్పి చూస్తే సైనింగ్ బోనస్, అంటే సంతకం పెట్టినందుకు ఇచ్చేది, కోటి డాలర్లే. మిగిలినదాంట్లో సింహభాగం ఏటా మార్చిలో వచ్చే రోస్టర్ బోనస్‌లు, అంటే ఆ తేదీకి జట్టులో ఉంటే ఇచ్చేవి. అవి ఏడాది ముందుగానో, అంతకంటే ముందుగానో గ్యారంటీగా మారుతూ పోతాయి. అంటే ఆటగాడికి ఎప్పుడూ రాబోయే సంవత్సరం భద్రంగా ఉంటుంది, క్లబ్బు మాత్రం పదేళ్లకూ ఒకేసారి కట్టుబడలేదు. అందుకే నీ మొదటి కాగితం మీద మొత్తం రాయకు. తేదీలు రాయి: ఏ రోజున ఏ డబ్బు గ్యారంటీ అవుతుంది, ఆ ముందు రోజున వదిలేస్తే ఎంత పోతుంది. అది తేలాక మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

డాలర్లను ఎప్పుడూ క్యాప్‌లో శాతంగా మార్చి చూడు. 2020లో క్యాప్ 19.82 కోట్లు, మహోమ్స్ సగటు ఏడాదికి 4.5 కోట్లు, అంటే 22.7 శాతం. 2024లో తన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు డాలస్ క్లబ్బు ఏడాదికి 6 కోట్లు ఒప్పుకుంది. అప్పటికి క్యాప్ 25.54 కోట్లు, అంటే 23.5 శాతం. నాలుగేళ్లలో ధర మూడో వంతు పెరిగిందని ఎవరైనా గుండెలు బాదుకుంటే ఈ రెండు శాతాలు చూపించు. అలాగని క్యాప్ ఏటా పెరిగి తీరుతుందని నమ్మి కూర్చోకు. కోవిడ్ దెబ్బకు 2021లో అది 18.25 కోట్లకు పడిపోయింది.

సైనింగ్ బోనస్ దగ్గర కాస్త ఆగుదాం. డబ్బు ఆటగాడి చేతికి వెంటనే వెళ్తుంది. క్యాప్‌లో మాత్రం కాంట్రాక్టు ఉన్నన్నాళ్లూ, గరిష్ఠంగా అయిదేళ్లు, సమభాగాలుగా పడుతుంది. చీటీ ముందుగా పాడుకున్నట్టే: సొమ్ము ముందు, వాయిదాలు తర్వాత. ఆటగాణ్ణి మధ్యలో వదిలేస్తే మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి మీద పడతాయి. డెడ్ మనీ అంటే ఇదే. జూన్ 1 తర్వాత వదిలితే ఆ ఏడాది వాయిదా ఆ ఏడాదిలో, మిగిలింది వచ్చే ఏడాదిలో పడుతుంది. భారం తగ్గదు, రెండు ముక్కలవుతుంది, అంతే.

రీస్ట్రక్చర్ అనే మాట మీ ఆఫీసులో రోజూ వింటావు. జీతాన్నో రోస్టర్ బోనస్‌నో సైనింగ్ బోనస్‌గా మార్చి రాబోయే సంవత్సరాలకు కూడా పంచడమే అది. 2021లో క్యాప్ పడిపోయినప్పుడు కాన్సస్ సిటీ మహోమ్స్‌కు రావలసిన 2.17 కోట్ల రోస్టర్ బోనస్‌ను అలా మార్చింది. అయిదేళ్లకు పంచితే ఏడాదికి 43.4 లక్షలు. ఆ ఏడు సుమారు 1.7 కోట్ల చోటు దొరికింది. ఆటగాడికి ఒక్క డాలరు తగ్గలేదు. ఇంకా పదేళ్లు అక్కడే ఉండే కుర్రవాడు, ఎవరూ ఊహించని గడ్డు సంవత్సరం: ఈ మార్పు పుట్టింది ఇలాంటి సందర్భం కోసమే.

క్లీవ్‌లాండ్ సంగతి వేరు. 2022లో క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కు అయిదేళ్లకు 23 కోట్లు, ప్రతి డాలరూ గ్యారంటీ. మొదటి ఏడాది జీతం పది లక్షల పైచిలుకే, తర్వాత నాలుగేళ్లు ఏడాదికి 4.6 కోట్లు. 2023లో, 2024లో, 2025లో వరుసగా రీస్ట్రక్చర్ చేశారు. చేసిన ప్రతిసారీ ఊపిరి ఆడింది, ప్రతిసారీ చివరి లెక్క బరువెక్కింది. నన్నడిగితే తప్పు రీస్ట్రక్చర్‌లో లేదు. ఆ కాంట్రాక్టులో క్లబ్బు బయటపడగలిగే మార్చి నెల ఒక్కటీ లేదు, తప్పంతా అక్కడే ఉంది.

డెన్వర్‌కు అలాంటి మార్చి ఉంది, కాకపోతే దాని ఖరీదు ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ పాత కాంట్రాక్టులో ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగానే, డెన్వర్ తరఫున ఒక్క మ్యాచ్ ఆడకముందే, 2022 సెప్టెంబరులో మరో అయిదేళ్లకు 24.5 కోట్లు రాసిచ్చారు. 2024 మార్చిలో కొత్త లీగ్ సంవత్సరం మొదలైన అయిదో రోజుకు అతను జట్టులో ఉంటే 2025 జీతం 3.7 కోట్లు కూడా పూర్తి గ్యారంటీ అయ్యేది. అందుకే ఆ లోపే వదిలించుకున్నారు. డెడ్ మనీ 8.5 కోట్లు, రెండేళ్లకు పంచారు. ఇంత తొందరగా ఎందుకు సంతకం పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇదే కథలో ఆఫ్‌సెట్ నిబంధన కూడా నేర్చుకో: కొత్త క్లబ్బు ఇచ్చేది పాత క్లబ్బు బాకీలోంచి తగ్గుతుంది. విల్సన్‌కు 2024కు గ్యారంటీ జీతం 3.9 కోట్లు. పిట్స్‌బర్గ్ అతణ్ణి కనీస జీతం 12.1 లక్షలకు తీసుకుంది. ఆ మొత్తం తగ్గించుకుని మిగిలినదంతా డెన్వరే కట్టింది. అతను మరో చోట ఎక్కువకు బేరమాడినా చేతికి వచ్చేది అంతే కాబట్టి, కొత్త క్లబ్బుకు చవగ్గా దొరికాడు. ఆఫ్‌సెట్ ఉంది కదా అని నమూనాలో పెద్ద ఆదా చూపించకు.

వాయిడ్ ఇయర్స్ అంటే ఆడని సంవత్సరాలు, కేవలం వాయిదాలు పంచడానికి కాగితం మీద తగిలించేవి. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ రిటైరయ్యాక 2023లో అతని క్లబ్బు ట్యాంపా క్యాప్‌లో సుమారు 3.5 కోట్లు అతని పేరు మీదే కూర్చున్నాయి. 2020 సీజన్‌కు లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచారు కాబట్టి అక్కడ ఎవరూ చింతించలేదు. గెలిచే జట్టు చేతిలో ఉంటేనే వాటిని వాడు. జట్టును కొత్తగా కట్టుకుంటున్నప్పుడు వాడితే రాబోయే కుర్రవాళ్ల చోటును నువ్వే తినేస్తున్నట్టు.

అవతలి పక్షాన్ని శత్రువుగా చూడకు. క్వార్టర్‌బ్యాక్ ఆట ముగియడానికి ఒక్క మోకాలు దెబ్బతింటే చాలు. అందుకే ఏజెంటు గాయానికి గ్యారంటీ అడుగుతాడు, అడగాలి కూడా. ఆటతీరు కారణంగా వదిలినా వచ్చే గ్యారంటీ వేరు, గాయానికి మాత్రమే వర్తించేది వేరు, క్యాప్ కారణంగా వదిలినప్పటిది వేరు. మూడూ ఉంటేనే పూర్తి గ్యారంటీ. గాయం గ్యారంటీని ముందు ఇచ్చి, మిగతా రెండింటినీ మరుసటి మార్చికి జరపగలిగితే ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. పూర్తి గ్యారంటీ డబ్బును యజమాని ముందే విడిగా జమ చేయాల్సి ఉంటుందని కూడా గుర్తుంచుకో. చేతిలో నగదు తక్కువున్న యజమాని నీ నమూనాను క్యాప్ కోసం కాదు, ఆ జమ కోసమే తిప్పి పంపుతాడు. కాబట్టి క్యాప్ పక్కనే నగదుకు ఇంకో వరుస గీయి.

నమూనా పూర్తయ్యాక నాకు పంపకు తల్లీ. నేనిప్పుడు బయటివాణ్ణి, అది మీ క్లబ్బు రహస్యం. నిబంధనల్లో ఏదైనా తిరకాసు ఎదురైతే ఆటగాడి పేరు చెప్పకుండా ఫోన్ చెయ్యి. ఆదివారం మ్యాచ్ నడుస్తున్నప్పుడు మాత్రం వద్దు.

ఇట్లు,
మీ మామయ్య