ఏనుగుల్ని వదులుకోకు

బుజ్జమ్మా,

రేపు చెస్ పోటీలో మొదటి రౌండులోనే 1850 రేటింగాయనతో పడిందని మీ అమ్మ చెప్పింది. సంతోషమూ వేసింది, గుబులూ పట్టుకుంది. నీది 1450. 400 తేడా ఉంటే ఇలాంటి ఆటలు వందాడితే నీకు ఎనిమిది పాయింట్లని ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే పట్టిక లెక్క. నీ వయసుకి కె, అంటే రేటింగ్ ఎంత మారాలో చెప్పే గుణకం, 40 కాబట్టి ఓడితే నీ రేటింగ్‌లో పోయేది 3.2, డ్రా చేస్తే వచ్చేది 16.8.

గాజువాక నుంచి బీచ్ రోడ్డుకి ఎన్ఏడీ మీదుగా పొద్దుటి ట్రాఫిక్ తెలిసిందేగా, పెందలాడే బయల్దేరండి. ఫోన్ మీ నాన్న చేతిలో పెట్టి లోపలికెళ్ళు. హాల్లో మోగితే ఆట పోయినట్టే.

నా దిగులంతా వేరే. పోయినసారి పెద్ద రేటింగ్ చూడగానే పన్నెండో ఎత్తుకే మంత్రుల్ని కొట్టించేశావు, తర్వాత ఏనుగుల్ని. బోర్డు ఖాళీ అయితే డ్రా అయిపోతుందనుకున్నావు. అవదు తల్లీ! పావులు తగ్గేకొద్దీ ఒక్క ఎత్తు తేడాకే ఆట తేలిపోతుంది, ఆ తేడా లెక్కపెట్టడం వాళ్ళకి బాగా అలవాటు. నీ స్కోర్‌షీట్ పెట్టి చూశాను. తెల్లరాజు ఈ5 గడిలో, అతని బంటు ఈ4లో, నీ నల్లరాజు ఈ7లో. అక్కడ ఎత్తు తెల్లదైతే డ్రా. కానీ నీదైంది. డీ7కి జరిగితే అతను ఎఫ్6కి వస్తాడు, ఎఫ్7కి జరిగితే డీ6కి, వెనక్కి ఈ8కి పోతే ఈ6కి. ఎటు జరిగినా బంటు మంత్రి అయి తీరుతుంది. అప్పుడిక ఎవరూ ఏమీ చెయ్యలేరు. తప్పు అంతకు ముందే, ఆఖరి ఏనుగులు మార్చుకున్నప్పుడే జరిగిపోయింది.

బంటు తక్కువైనప్పుడు ఏనుగుని గట్టిగా పట్టుకో. నీ రాజుని అవతలి బంటుకి ఎదురుగా పెట్టి, ఏనుగుని నీ వైపు నుంచి మూడో అడ్డవరసలో నిలబెట్టు. అవతలి రాజు ఆ వరసలోకి రాలేడు. బంటు అందులో అడుగు పెట్టగానే ఏనుగుని అవతలి వైపు చివరి వరసకి దింపి, వెనక నుంచి చెక్ మీద చెక్ ఇవ్వు. ఫ్రెంచ్ చెస్ ఆటగాడు ఫిలిడోర్ 18వ శతాబ్దంలో చూపించిన పద్ధతి ఇది. ఈ రాత్రే రెండు వైపులా నువ్వే ఆడి చూసుకో.

డ్రా అడగాలంటే ముందు ఎత్తు వెయ్యి, అడుగు, ఆ తర్వాతే గడియారం నొక్కు. నీ ఎత్తుతో అదే స్థితి మూడోసారి వచ్చేలా ఉంటే మాత్రం పావు ముట్టుకోకు. ఎత్తు షీట్ మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్ని, అంటే ఆట న్యాయనిర్ణేతని, పిలిచి డ్రా అడుగు.

అన్నం తిన్నాకే పడుకో అమ్మా. రేపు ఏమైనా సరే, స్కోర్‌షీట్ నలిపెయ్యకుండా తీసుకురా. సాయంత్రం బోర్డు వేసి ఉంచుతాను.

పెదనాన్న